మెస్క్లిన్ గ్రహం మీద తగువులు

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళ మధ్య తగువు పెట్టాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు. "మిషన్ ఆఫ్ గ్రావిటీ ఎలా ఉంది?" అని అడిగి పక్కకి తప్పుకుంటే చాలు. ఒకాయన "అలాంటి గ్రహాన్ని ఇంకెవరూ కట్టలేదండీ" అంటాడు. ఇంకొకాయన "అది నవలా, ఫిజిక్సు పాఠమా?" అంటాడు. మూడో ఆయన "లెక్క తప్పు" అనేసి కాగితం, పెన్సిల్ తీస్తాడు. నవల వచ్చి 70 ఏళ్ళు దాటినా ఈ మూడు మాటలూ అలాగే వినపడుతున్నాయి. తమాషా ఏంటంటే, ముగ్గురు చెప్పేదీ నిజమే.

ఆ తగువుల చరిత్ర చెప్పి, ఆ తర్వాత మన వృత్తిలో ఉన్నవాళ్ళకి చప్పున తట్టే నాలుగో మాట ఒకటి చెప్తాను. అది చెప్పాలంటే కథ ముగింపు బయటపెట్టక తప్పదు. ముగింపు తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ముందు పుస్తకం చదివి రండి, టపా ఎక్కడికీ పోదు.

ముందు గ్రహం సంగతి

రచయిత పేరు హాల్ క్లెమెంట్. అది కలం పేరు, అసలు పేరు హ్యారీ క్లెమెంట్ స్టబ్స్. 1922లో అమెరికాలోని మాసచూసెట్స్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో బి-24 బాంబర్ విమానాల మీద 35 సార్లు దాడులకి వెళ్ళొచ్చారు. యుద్ధం అయ్యాక మిల్టన్ అకాడమీ అనే స్కూల్లో పిల్లలకి సైన్సు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసేవారు. 2003లో చనిపోయారు. రాతతో బతకాల్సిన అవసరం లేని మనిషి కాబట్టి తనకి సరదాగా ఉన్నదే రాశారు. ఆయనకి సరదా అంటే లెక్కలు!

1953లో ఏప్రిల్ నుంచి జూలై దాకా "అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్" పత్రికలో ఈ నవల సీరియల్‌గా వచ్చింది. 1954లో పుస్తకమైంది. ఆ పత్రిక ఎడిటర్ జాన్ కాంప్‌బెల్. పాఠకుల్లో ఇంజినీర్లు, సైంటిస్టులు, సైన్సు చదివే కాలేజీ కుర్రాళ్ళు చాలామంది ఉండేవారు. అక్కడ ఉత్తరాల శీర్షిక అంటే కుశలప్రశ్నలు కావు. ఫలానా పేజీలో ఫలానా సంఖ్య ఎలా వచ్చిందో చెప్పమని నిలదీసేవాళ్ళ అడ్డా. ఏ సంచికలో ఏ కథ బాగుందో పాఠకుల ఓట్లతో లెక్కగట్టి వేసేవారు కూడా. మనం ఇప్పుడు రేటింగులు అంటున్నవి అక్కడ అప్పటికే ఉన్నాయన్నమాట.

అలాంటి పాఠకుల ముందు క్లెమెంట్ పెట్టిన గ్రహం పేరు మెస్క్లిన్. దాని బరువు మన బృహస్పతికి సుమారు 16 రెట్లు. తన చుట్టూ తాను తిరగడానికి దానికి పట్టేది పదిహేడు ముప్పావు నిమిషాలు. అంటే మనకి ఒక రోజు గడిచేలోపు అక్కడ 81 సార్లు తెల్లారుతుంది. అంత వేగంగా తిరిగే గ్రహం బంతిలా ఉండలేదు కదా, నడుం దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి, మందపాటి అట్టులా తయారైంది. నడుం దగ్గర వ్యాసం 48 వేల మైళ్ళు. ధ్రువం నుంచి ధ్రువానికి సుమారు 20 వేల మైళ్ళే.

దీనివల్ల వచ్చిన చిత్రమేంటంటే, భూమధ్యరేఖ లాంటి ఆ నడుం దగ్గర గురుత్వాకర్షణ మనకి 3 రెట్లే. అక్కడ 60 కిలోల మనిషి 180 కిలోల బరువు మోస్తున్నట్టు ఉంటాడు, కష్టమే గానీ చచ్చిపోడు. ధ్రువాల దగ్గర మాత్రం 700 రెట్లు. అదే మనిషి అక్కడ 42 టన్నులు. ఊహించుకోడానికి కూడా ఏమీ మిగలదు.

ఆ గ్రహం మీద మీథేన్ సముద్రాలు, హైడ్రోజన్ గాలి. అక్కడి ప్రాణులు ఇంచుమించు 15 అంగుళాల పొడవు, జెర్రి ఆకారం, బోలెడు కాళ్ళు. వాటిలో ఒకడు బార్లెనన్. బ్రీ అనే ఓడకి కెప్టెన్, వృత్తి వ్యాపారం. మనుషులు ధ్రువం దగ్గర దింపిన ఒక పరిశోధక రాకెట్ తిరిగి లేవలేదు. అది కొలిచిన సమాచారమంతా దాంట్లోనే ఉండిపోయింది. మనుషులు అక్కడికి వెళ్ళలేరు. అందుకని లాక్లాండ్ అనే మనిషి నడుం దగ్గర దిగి, బార్లెనన్‌తో స్నేహం చేసి, ధ్రువం దాకా వెళ్ళి ఆ సమాచారం తెచ్చిపెట్టమని ఒప్పందం చేసుకుంటాడు. వేల మైళ్ళ ఓడ ప్రయాణం, పైనుంచి రేడియోలో సూచనలు. ఇదీ కథ.

మొదటి తగువు: లెక్క

సీరియల్ నడుస్తుండగానే, 1953 జూన్ సంచికలో క్లెమెంట్ "వర్లిగిగ్ వరల్డ్" అని ఒక వ్యాసం రాశారు. గ్రహాన్ని ఎలా కట్టాడో అందులో వరసగా విప్పి చెప్పారు. మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం రిలీజ్ అవుతుండగానే డిజైన్ డాక్యుమెంటు కూడా జనం చేతిలో పెట్టేశారు. సైన్స్ ఫిక్షన్ ఒక ఆట అంటారు అందులో. తెలిసిన సైన్సుకి విరుద్ధంగా రచయిత రాసినవి వీలైనన్ని పట్టుకోవడం పాఠకుడి వంతు. అలాంటివి వీలైనంత తక్కువ ఉండేలా చూసుకోవడం రచయిత వంతు. కాంతి కంటే వేగంగా ప్రయాణించడం లాంటి ఒకటి రెండు వెసులుబాట్లు తప్ప మిగతా అంతా ఈ నియమం కిందికే వస్తుంది.

ఇలా సవాలు విసిరితే పాఠకులు ఊరుకుంటారా! మొదటి దెబ్బ గ్రహం ఆకారం మీద పడింది. 1953లో క్లెమెంట్ చేతిలో ఉన్నది స్లైడ్ రూల్. తర్వాతి కాలంలో ఎం.ఐ.టి. సైన్స్ ఫిక్షన్ సంఘం వాళ్ళు ఈ లెక్కని కంప్యూటర్‌కి ఎక్కించారు. అంచు ఆయన అనుకున్నట్టు గుండ్రంగా ఉండదు, కత్తి అంచులా పదునుదేరుతుంది అని తేల్చారు. ధ్రువాల దగ్గర గురుత్వం కూడా 700 కాదు. తర్వాత సరిచూసిన లెక్కలో అది 275 దగ్గరికి దిగింది.

తప్పు ఎక్కడుందో చూడటం సరదాగా ఉంటుంది. గ్రహం బరువంతా మధ్యలో ఒక చుక్కలో ఉందనుకుని లెక్క వేయండి. నడుం దగ్గర ఆకర్షణ 139 రెట్లు వస్తుంది. తిరుగుడు వల్ల బయటికి తోసే బలం 137 రెట్లు. తీసేస్తే రెండు మూడు రెట్లు మిగుల్తుంది, క్లెమెంట్ చెప్పినట్టే. ధ్రువం కేంద్రానికి దగ్గర కాబట్టి అదే పద్ధతిలో అక్కడ 800 దాకా వస్తుంది. కానీ బరువు చుక్కలో లేదు, అట్టులా పరుచుకుని ఉంది. ధ్రువం మీద నిలబడ్డవాణ్ణి అంచుల్లో ఉన్న పదార్థం అన్ని పక్కలకీ లాగుతుంది. ఆ పక్కలాగుళ్ళు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కిందికి లాగే బలం తగ్గిపోతుంది. బరువంతా సమానంగా పరుచుకుందనుకుని సూత్రం వేస్తే ధ్రువం దగ్గర 240 చిల్లర వస్తుంది. కానీ అప్పుడు నడుం దగ్గర ఆ 3 రెట్లు కుదరదు. మధ్యలో గట్టి గుండె, చుట్టూ తేలిక పొర అనుకుంటే గానీ రెండూ ఒక దారికి రావు. అంటే దీనికి ఒక వాక్యంలో జవాబు లేదు, కంప్యూటర్‌కి పని ఉంది.

మరి కథ కూలిపోయిందా? ఇక్కడే నాకు ఈ మొదటి రకం పాఠకుల మీద గౌరవం పెరిగేది. కథకి ప్రాణం అక్కడి జీవులకున్న భయాల్లో ఉంది. ఎత్తు అంటే భయం. ఏదైనా గట్టి వస్తువు కిందికి వెళ్ళడమంటే భయం. విసరడం అన్న ఊహే వాళ్ళకి లేదు. ఎందుకంటే 700 రెట్ల గురుత్వంలో పది సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు ఆరు మిల్లీసెకన్ల లోపే, గంటకి 130 కిలోమీటర్ల పై వేగంతో నేలకి కొట్టుకుంటుంది. కిందపడటం కంటికి కనపడదు. చేతిలో ఉన్నది మాయమై, నేల మీద పగిలి ఉంటుంది. భూమ్మీద 70 మీటర్ల మేడ మీంచి పడ్డంత దెబ్బ. సరే, 700 తీసేసి 275 పెట్టండి. 27 మీటర్లు, అంటే తొమ్మిదంతస్తుల మేడ. పది సెంటీమీటర్లకి అంత దెబ్బ తగిలితే ఆ భయాలు మారతాయా? సంఖ్య తప్పింది, దాని మీద కట్టిన మనస్తత్వం మాత్రం చెక్కుచెదరలేదు. బగ్గుని బగ్గు అనడం వేరు, దానివల్ల ఏది విరిగిందో చెప్పడం వేరు. రెండోది చెప్పగలిగినవాడే మంచి టెస్టరు. ఔనంటారా?

ఇంకో దెబ్బ ఆకాశం నుంచి పడింది. మెస్క్లిన్ కోసం క్లెమెంట్ ఎంచుకున్న చోటు 61 సిగ్ని అనే నక్షత్రం, మనకి సుమారు 11.4 కాంతి సంవత్సరాల దూరం. 1838లో బెసెల్ దూరం కొలిచిన నక్షత్రం కూడా ఇదే. 1940ల మొదట్లో కాయ్ స్ట్రాండ్ అనే ఖగోళ శాస్త్రవేత్త, దీని కదలికలో ఊగిసలాట ఉందని, కంటికి కనపడని తోడు ఒకటి దాన్ని లాగుతోందని, దాని బరువు బృహస్పతికి 16 రెట్లని ప్రకటించారు. ఆ 16 ఇక్కడి నుంచే వచ్చింది. తర్వాతి పరిశీలనల్లో ఆ తోడు నిలబడలేదు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం నిజంగా దొరికింది 1995లో, అదీ వేరే చోట. ఈ తప్పు రచయిత మీద వెయ్యడానికి లేదు. ఆయన తీసుకున్న లైబ్రరీలోనే బగ్గు ఉంది :-)

అంగుళం తేడాకి నినాదాలు

ఈ పరీక్షించే పాఠకుల కథలో బాగా ప్రసిద్ధమైన ఘట్టం మాత్రం వేరే నవలది. లారీ నివెన్ రాసిన "రింగ్‌వరల్డ్" 1970లో వచ్చింది. ఒక నక్షత్రం చుట్టూ, భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరంలో, సుమారు పది లక్షల మైళ్ళ వెడల్పున్న పట్టీ లాంటి ప్రపంచం. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళే ప్రయాణం. నవల మొదటి ముద్రణలో హీరో తన పుట్టినరోజుని పొడిగించుకోడానికి ఊరూరూ గెంతుతూ తూర్పు దిక్కుకి పోతాడు. పడమరకి పోతే కదా రోజు పొడుగయ్యేది! తర్వాతి ముద్రణలో దిద్దేశారు.

1971లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలు బోస్టన్‌లో జరిగాయి. నది దాటితే ఎం.ఐ.టి. అక్కడి విద్యార్థులు సభ జరిగే హోటల్ వరండాల్లో "రింగ్‌వరల్డ్ నిలబడదు!" అని నినాదాలు చేసుకుంటూ తిరిగారు. వాళ్ళ మాట నిజమే. గట్టి పట్టీని నక్షత్రం చుట్టూ తొడిగితే, అది కొంచెం పక్కకి జరిగినా చాలు, దగ్గరైన వైపు ఇంకా దగ్గరికి లాగబడుతుంది. వెనక్కి సర్దే బలం ఉండదు. చివరికి నక్షత్రానికి గుద్దుకుంటుంది. శని వలయాలు ఒకే గట్టి ముక్క అయ్యుండవని 19వ శతాబ్దంలో మాక్స్‌వెల్ తేల్చింది కూడా ఇలాంటి తర్కంతోనే. నివెన్ అలిగి కూర్చోలేదు. తర్వాతి నవల "రింగ్‌వరల్డ్ ఇంజినీర్స్" మొత్తాన్నీ ఈ లోపం చుట్టూనే అల్లారు. ఆ పట్టీని స్థిరంగా నిలిపే ఇంజన్లు ఉండేవి, ఎవరో పీకేశారు, ఇప్పుడది జారిపోతోంది అని. పాఠకుడి ఫిర్యాదు రెండో నవలకి కథావస్తువు అయిపోయింది.

అదే సభల్లో హ్యూగో అవార్డు రింగ్‌వరల్డ్‌కే వచ్చింది. ఆ ఏడు పోటీలో ఓడిపోయిన నవలల్లో ఒకటి క్లెమెంట్ రాసిన "స్టార్ లైట్". మెస్క్లిన్ జీవుల తర్వాతి కథ. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

రెండో తగువు: మనుషులు

ఇహ రెండో రకం పాఠకులు. వీళ్ళకి గురుత్వం 700 అయినా 275 అయినా ఒకటే. వీళ్ళ ఫిర్యాదు ఏంటంటే, లాక్లాండ్ ఎలాంటివాడు? ఇంటి దగ్గర ఎవరున్నారు? దేనికి ఏడుస్తాడు? పుస్తకం మూసేశాక అతని గురించి ఏం గుర్తుంటుంది? మంచివాడు, ఓపిక ఉన్నవాడు, అంతే. చెప్పుకోదగ్గ ఆడ పాత్ర ఒక్కటీ లేదు. ప్రేమ లేదు, పగ లేదు. ఒక అడ్డంకి వస్తుంది, ఆలోచించి దాటతారు, ఇంకొకటి వస్తుంది. లెక్కల పుస్తకంలో అభ్యాసాల్లా.

ఈ ఫిర్యాదుకి క్లెమెంట్ అభిమానులు చెప్పే జవాబు ఒకటుంది: ఆయన కథల్లో విలన్లు అరుదు, ఎందుకంటే ఆయనకి విశ్వమే పెద్ద ప్రతిపక్షం. నిజమే, కానీ పూర్తి జవాబు కాదు. ప్రతిపక్షం విశ్వం అయినంత మాత్రాన హీరో అట్టముక్కలా ఉండాలని ఎక్కడుంది?

నాకు తోచింది ఇది. మనుషుల పాత్రలు పల్చటివే. పాత్ర అంటూ పెరిగేది బార్లెనన్. మొదట్లో లాక్లాండ్ అతన్ని ఎత్తి తన బండి మీద పెడితే ప్రాణం పోయినంత పనవుతుంది. పుట్టినప్పటి నుంచి ఎత్తంటే చావు అని నేర్చుకున్న జీవి అది. నడుం దగ్గర గురుత్వం తక్కువ కాబట్టి పడ్డా ఏమీ కాదని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలీదు. మెల్లిగా అలవాటు పడతాడు. గెంతడం నేర్చుకుంటాడు. అతన్ని చూసి ఓడలోవాళ్ళు నేర్చుకుంటారు. ఇక్కడో ఇబ్బంది ఉంది, మళ్ళీ ధ్రువం వైపు వెళ్ళేకొద్దీ ఆ ధైర్యమే ప్రాణం తీస్తుంది. పోగొట్టుకున్న భయాన్ని సమయానికి తిరిగి తెచ్చుకోవాలి. ఇంత సున్నితమైన సంగతిని ఆయన ఏ అలంకారమూ లేకుండా, రిపోర్టు రాసినట్టు రాసేశారు. అందుకే చాలామంది దాన్ని పాత్రచిత్రణ కింద లెక్కెయ్యరు.

మూడో తగువు: ఈ జెర్రి మనలా మాట్లాడుతుందేం?

మూడో ఫిర్యాదు ఇంకొంచెం లోతైంది. ఇంత వింత గ్రహం కట్టి, అంత వింత ఒళ్ళు ఇచ్చి, చివరికి ఆ కెప్టెన్ మాత్రం పాతకాలపు అమెరికన్ ఓడ వ్యాపారిలా మాట్లాడతాడు. బేరమాడతాడు, చతుర్లాడతాడు, లాభం చూసుకుంటాడు. హైడ్రోజన్ పీల్చే జీవికి మన బుర్ర ఎలా వచ్చింది?

ఈ ఫిర్యాదు చేసేవాళ్ళు సాధారణంగా స్తానిస్వాఫ్ లెమ్ "సొలారిస్"ని పక్కన పెట్టి చూపిస్తారు. పోలిష్ భాషలో 1961లో వచ్చిన ఆ నవలలో గ్రహాన్ని కప్పిన సముద్రమే ఒక జీవి. మనుషులు తరతరాలుగా దాన్ని చదివి, గ్రంథాలు రాసి, చివరికి దాని మనసు కొంచెం కూడా తెలుసుకోలేకపోతారు. లెమ్ పక్షం వాళ్ళ దృష్టిలో వేరే గ్రహానికి వెళ్ళడమంటే అలా ఉండాలి. అర్థమైపోతే ఇంక పరాయిది ఎలా అవుతుంది?

ఇందులో న్యాయం ఉంది. అయితే క్లెమెంట్ పందెం వేరు. సైన్సు అందరికీ ఒకటే కాబట్టి, ఆలోచించే రెండు జీవులు ఎంత వేరుగా ఉన్నా దాని గురించి మాట్లాడుకోగలవు అనేది ఆయన నమ్మకం. మెస్క్లిన్ జీవులు తమ ప్రపంచం గిన్నెలా ఉందనుకుంటారు. అక్కడి గాలి కాంతిని వంచే తీరు వల్ల చుట్టూ దిగంతం పైకి లేచినట్టు కనిపిస్తుంది. అందుకే వాళ్ళ పటాలు కూడా గిన్నె ఆకారంలోనే ఉంటాయి. అది మూఢనమ్మకం కాదు. కళ్ళకి కనిపించినదాన్ని బట్టి వేసుకున్న పటం, దానితో వాళ్ళు ఓడలు నడుపుకుంటున్నారు కూడా. బార్లెనన్ మనలా మాట్లాడుతున్నాడంటే, అతను తన సాక్ష్యం ముందు పెట్టి వాదించగలడు అని అర్థం. ఆ గుణం ఇతనికి ఎందుకిచ్చాడో ముగింపులో తెలుస్తుంది.

నాలుగో మాట: బార్లెనన్ పెట్టిన షరతు

ఇప్పుడు మన కుర్చీలోంచి చూద్దాం. డబ్బు, యంత్రాలు, చదువు ఉన్నవాళ్ళు మెస్క్లిన్ చుట్టూ తిరిగే టూరీ అనే ఉపగ్రహం మీద ఉన్నారు. పని జరగాల్సిన చోటికి వాళ్ళు రాలేరు. కింద ఉన్నవాళ్ళు తెలివైనవాళ్ళు, కష్టజీవులు, ఆ గురుత్వానికి అలవాటు పడ్డవాళ్ళు. ఒప్పందం ప్రకారం కిందవాళ్ళు పని చెయ్యాలి, పైవాళ్ళు రేడియోలో దారి చెప్పాలి. ప్రతిఫలంగా తుఫానుల కబుర్లు ముందుగా అందుతాయి, వ్యాపారానికి పనికొస్తాయి. సాయం చేసే పెట్టె ఒకటి ఇస్తారు, అది ఎలా పని చేస్తుందో మాత్రం చెప్పరు. ఎందుకని అడిగితే, "అదంతా వివరించడం కష్టం." ఈ ఏర్పాటు మీకు ఎక్కడైనా చూసినట్టుందా?

దారిలో ఒక దీవివాళ్ళ దగ్గర గాలిలో ఎగిరే గ్లైడర్లు ఉంటాయి. అవి ఎలా ఎగురుతాయని బార్లెనన్ పైవాళ్ళని అడుగుతాడు. సరైన జవాబు రాదు. అతను రెట్టించడు. మనసులో పెట్టుకుంటాడు. పని చేసుకుపోతాడు. వేల మైళ్ళు దాటి, కొండచరియల మీంచి ఓడని విప్పి దింపి, చివరికి రాకెట్ దగ్గరికి చేరతాడు. సమాచారం చేతికందేంత దూరంలో ఉంది. పైన సైంటిస్టులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

అప్పుడు చెప్తాడు అసలు షరతు. తుఫాను కబుర్లు చాలవు. సరుకులు వద్దు. మీ యంత్రాలు ఊరికే ఇచ్చినా వద్దు, రేపు పాడైతే బాగుచెయ్యలేం కదా. అవన్నీ ఎందుకు పని చేస్తాయో అది చెప్పండి. నేర్పితేనే మీ సమాచారం. పైవాళ్ళు కంగారుపడతారు. తర్వాత వాళ్ళలో నిజాయితీ ఉన్నవాళ్ళు అసలు సంగతి చెప్తారు. దాచిపెట్టడం కాదు, ఒక్క యంత్రం అర్థం కావాలన్నా దాని వెనక బోలెడు ఉంది, మొదటి నుంచీ రావాలి అని. సరే, అయితే మొదటి నుంచే రండి అంటాడు బార్లెనన్. మాటల బేరం సైన్సు పాఠాల ఒప్పందం అవుతుంది. నవల చివర్లో బ్రీ ఓడ వేడిగాలి బెలూన్ల సాయంతో గాలిలోకి లేస్తుంది. ఎత్తంటే చచ్చేంత భయపడే జాతి, ఎగిరే సూత్రం తెలుసుకుని, తన చేత్తో చేసుకున్నదాంట్లో ఎగురుతుంది.

మన ప్రాజెక్టుల్లో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని ఒక తంతు ఉంటుంది కదా. రెండు వారాలు మీటింగులు, ఓ యాభై స్లైడ్లు, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో పట్టిక. అంతా అయ్యాక సిస్టమ్ అలా ఎందుకు కట్టారో మాత్రం తెలీదు. పట్టికలో లేని ఎర్రర్ వచ్చిన రాత్రి ఆ తేడా తెలిసొస్తుంది. బార్లెనన్ పట్టికని వద్దన్నాడు. 1953లో అమెరికన్ స్కూలు మాస్టారు ఒకాయన ఈ తేడాని ఇంత స్పష్టంగా రాశాడంటే, మాస్టారు కాబట్టే రాశాడనిపిస్తుంది. సూత్రం బట్టీ పట్టిన పిల్లాడికీ, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిన పిల్లాడికీ తేడా రోజూ చూసేవాడు కదా.

దీనికీ ఎదురుమాట ఉంది, చెప్పకపోతే అన్యాయం. జ్ఞానం అంతా పైనుంచి కిందికే రావాలా? వాళ్ళ ఓడ విద్య, గిన్నె పటం, ఆ గురుత్వంలో బతికే ఒడుపు చదువు కాదా? ఈ ప్రశ్నకి మొదటి నవల మొగ్గు మనుషుల వైపే. దానికి జవాబు "స్టార్ లైట్"లో కొంత దొరుకుతుంది. 1970లో సీరియల్‌గా, 1971లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి మెస్క్లిన్ జీవులు శిక్షణ పొందిన ఉద్యోగులు. డ్రాన్ అనే ఇంకో భారీ గ్రహాన్ని మనుషుల తరఫున సర్వే చేస్తుంటారు. మనుషులు ఎప్పటిలాగే పైన కక్ష్యలో. బార్లెనన్ ఇప్పుడు పెద్ద మేనేజరు, పైవాళ్ళకి తెలియకుండా సొంత స్థావరం ఒకటి కట్టుకుంటుంటాడు. మనుషులూ కొన్ని చెప్పరు, ఇతనూ కొన్ని చెప్పడు. ఆ దాపరికాల వల్ల ప్రమాదంలో పడేది బయట తిరిగే బండిలోని మామూలు సిబ్బంది. చదువు వచ్చింది, నమ్మకం రాలేదు. మొదటి నవల కంటే ఇది నెమ్మదిగా నడుస్తుంది, చదివినవాళ్ళూ తక్కువే. కానీ పదేళ్ళ అనుభవం దాటినవాళ్ళకి ఇదే ఎక్కువ కొరుకుడు పడుతుందని నా అనుమానం.

అరవై ఏళ్ళ తర్వాత అదే ఆట

క్లెమెంట్ మొదలెట్టిన ఆట ఆగలేదు. ఆండీ వీర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు "ది మార్షియన్" నవలని ముందు తన సొంత సైట్‌లో అధ్యాయాలుగా పెట్టారు. లెక్కలో, కెమిస్ట్రీలో తప్పులుంటే పాఠకులు ఈమెయిల్ రాసేవారు, ఆయన దిద్దేవారు. అలా దిద్దుకున్న పుస్తకమే 2011లో 99 సెంట్లకి కిండిల్‌లో, 2014లో పెద్ద ప్రచురణగా వచ్చింది. 2015లో సినిమా అయింది. ఇంత దిద్దినా కథ మొదట్లో వచ్చే ఇసుక తుఫాను అలాగే ఉంది. అంగారకుడి మీద గాలి ఒత్తిడి మనదాంట్లో ఒక శాతం కూడా లేదు, రాకెట్‌ని పడగొట్టేంత బలం ఆ గాలికి రాదు. వీర్‌కి ఇది తెలుసు, ప్రకృతే ముందు దెబ్బ కొట్టాలని కావాలనే ఉంచానని చెప్పారు. పాఠకులు మళ్ళీ అవే జట్లుగా విడిపోయారు. కొందరికి బంగాళదుంపల లెక్క పండగ. కొందరికి హీరో జోకులు తప్ప మనసు కనపడలేదు. కొందరు తుఫాను దగ్గరే పుస్తకం మూసేశారు.

ఈ తగువులన్నీ చదివాక నాకు అనిపించేది ఒకటే. నవల బాగుందనో, బాలేదనో చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎం.ఐ.టి. కుర్రాళ్ళు ఇంకో పని చేశారు. రచయిత ఇచ్చిన సంఖ్యని తీసుకుని వాడుకోకుండా, అదెలా వచ్చిందో మొదటి నుంచీ వేసి చూశారు. బార్లెనన్ అడిగింది సరిగ్గా అదే. ఆ లెక్కన నవల చెప్పిన మాటని అందరికంటే బాగా విన్నవాళ్ళు, దాంట్లో తప్పు పట్టినవాళ్ళే.

కాబట్టి పుస్తకం దొరికితే చదవండి. మధ్యలో కొంత విసుగొస్తుంది, అడ్డంకుల వరస పొడుగే. చదివేటప్పుడు పక్కన ఓ కాగితం పెట్టుకోండి. పైన చెప్పిన 139, 137 అంకెలు నిజమో కాదో వేసి చూడండి. బృహస్పతి బరువు, వ్యాసం, తిరిగే సమయం తెలిస్తే అయిదు నిమిషాల పని. ధ్రువం లెక్క మాత్రం ఒక ఆదివారం తినేస్తుంది. ఎవరైనా చిన్న ప్రోగ్రాం రాసి ఆ కత్తి అంచు బొమ్మ గీయగలిగితే నాకూ పంపండి. ఎలా గీశారో కూడా రాయండి మరి, ఉత్త బొమ్మ వద్దు.